కెమెరా పట్టిన చేత్తోనే రాయాలంటే

ఫ్రీలాన్స్ కథనాలు కావాలని వచ్చే ప్రకటనల్లో ఒక వాక్యం ఈమధ్య మామూలైపోయింది: "కథనంతో పాటు ఫొటోలు జతచేయాలి." ఎన్ని పదాలు కావాలో రాస్తారు, ఏ తేదీలోపు పంపాలో రాస్తారు, ఎంతిస్తారో కూడా కొందరు రాస్తారు. ఫొటోల దగ్గరికి వచ్చేసరికి ఈ ఒక్క ముక్కతో సరి. దరఖాస్తుకు ఆధార్ జిరాక్స్ జతచేసినట్టు, రాసినదానికి నాలుగు ఫొటోలు తగిలిస్తే పని అయిపోతుందన్న లెక్క.

నాకు పేచీ ఆ "జతచేయాలి" అన్న మాటతోనే. ఒకే మనిషి రాయడం, ఫొటోలు తీయడం తప్పని నేను అనను. కొన్ని కథనాలకు అంతకు మించిన పద్ధతి లేదని నా నమ్మకం. అయితే ఆ రెండు పనులూ ఒకదాన్నొకటి దిద్దుకునేంత వ్యవధి ఉన్నప్పుడే దానివల్ల లాభం. ఫొటో చూశాక కొత్త ప్రశ్న పుట్టాలి, జవాబు విన్నాక కొత్త ఫొటో తీయాలనిపించాలి. ఈ రాకపోకలకు రోజులు పడతాయి. ఒక్క మనిషితో ఇద్దరి పని చేయిస్తే ఖర్చు సగానికి తగ్గుతుందనుకునేవాళ్లు ఈ రోజులను లెక్కలోకి తీసుకోవడం లేదు.

ఊరికే సూత్రాలు చెప్పుకునేకంటే ఒక కథనాన్ని ముందు పెట్టుకుని మాట్లాడుకోవడం మేలు. పోచంపల్లి, పుట్టపాక వైపు చిటికి నేత తీసుకుందాం. నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగు వేసే ఇక్కత్ పద్ధతి అది.

## ఆసు దగ్గర

మగ్గం, రంగుల చీర, నవ్వుతున్న నేతన్న. ఈ ఫొటో ఇప్పటికే లెక్కలేనన్నిసార్లు అచ్చయింది. మగ్గం ఎక్కకముందు జరిగే పని మాత్రం పెద్దగా ఎవరి కంటా పడదు. చిటికి కట్టాలంటే ముందు నూలును ఆసు పోయాలి. ఒకవైపు అర్ధచంద్రాకారంలో మేకుల వరస, ఎదురుగా ఒంటి మేకు. నూలు పట్టుకున్న చెయ్యి ఈ కొస నుంచి ఆ కొసకు పోయి, మేకును చుట్టి, మళ్లీ వెనక్కి రావాలి. ఒక చీరకు దాదాపు 9,000 సార్లు. నాలుగైదు గంటల పని. ఎక్కువగా ఆ ఇంటి ఆడవాళ్లదే. చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేకనే ఆసు యంత్రం తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. చేత్తో నాలుగైదు గంటలు పట్టేది యంత్రం మీద గంటన్నరలో అవుతుంది.

ఇప్పుడు ఆ ఆసు ముందు కూర్చుని కెమెరా ఎత్తాం అనుకోండి. దొరికేదేమిటి? బారజాపిన చెయ్యి. ఒక పక్కకు వంగిన మెడ. మేకుల మీద ఒత్తుగా పరుచుకున్న పోగులు. నూలు రాసుకుని రాసుకుని నున్నబడ్డ వేలు. ఇవన్నీ మాటల్లో చెప్పబోతే నాలుగు పేరాలైనా తృప్తి ఉండదు. ఫొటో ఒక్క చూపులో ఇచ్చేస్తుంది. కానీ ఆ 9,000 ఫొటోకు అందదు. అందులో ఒకటో, ఏ 4,316వదో మాత్రమే ఫ్రేములో పడుతుంది. రచనకు ఆ అంకె సులువుగానే దొరుకుతుంది. చిక్కేమిటంటే, ఊరికే రాసిన అంకెను చదివేవాడి కన్ను అలా దాటేసి పోతుంది. భుజం ఎంత ఎత్తుకు లేచిందో ఫొటోలో చూసిన కన్ను మాత్రం ఆ అంకె దగ్గర ఆగుతుంది.

ఇది ముందే తెలిసినవాడు ఫొటో వేరేగా తీస్తాడు. ఎదురుగా నిలబడి ముఖం తీయడు. పక్కనుంచి, ఆమె భుజం ఎత్తుకు కెమెరా దించి, చెయ్యి పూర్తిగా చాచిన క్షణం కోసం చూస్తాడు. షట్టర్ వేగం 1/15 సెకను దగ్గర పెట్టి, గోడకు ఆనుకుని ఊపిరి బిగబట్టి తీస్తే ఒళ్లు కదలకుండా నిలుస్తుంది, చెయ్యి మాత్రం చెదురుతుంది. చెదిరిన ఆ చెయ్యే "ఇది ఆగని పని" అని చెబుతుంది. పది తీస్తే రెండు పనికొస్తాయి, కాబట్టి ముప్పై తీయాలి. ఆ తర్వాత కెమెరా సంచిలో పెట్టి, గడియారం చూసుకుంటూ పది నిమిషాల పాటు చెయ్యి ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టాలి. లెక్కపెట్టడం రాసేవాడి పని. ఎవరో చెప్పిన 9,000ను అలాగే వాడకుండా, మన కళ్లముందు పది నిమిషాల్లో ఎన్నయ్యాయో కూడా రాయగలిగితే ఆ వాక్యం నిలబడుతుంది.

రాసేటప్పుడు గది ఎలా ఉందో, చీర రంగేమిటో రాయనక్కర్లేదు. అవి ఫొటోలో ఉన్నాయి. రాయాల్సినవి వేరు. ఈ పనికి విడిగా కూలి ఉందా, చీర కూలిలోనే కలిసిపోతుందా? యంత్రం కొన్న ఇళ్లెన్ని? మిగిలినవాళ్లు ఎందుకు కొనలేదు? పుట్టపాకలో నేసే గళ్ల బట్ట తేలియా రుమాలు అయితే ఇంకొకటుంది: వాసన. ఆ నూలును నూనెలోనూ, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్లలోనూ రెండు మూడు వారాలు మార్చి మార్చి నానబెట్టి పిసుకుతారు. బట్ట నేశాక కూడా నూనె వాసన దానిలో ఉంటుంది. తేల్ అంటే నూనె, పేరే దానివల్ల వచ్చింది. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు వచ్చిన ఫొటోల్లో ఎరుపు, నలుపు, తెలుపు గళ్లు చూశాం. వాసన చెప్పాల్సింది వాక్యమే.

## ఒకే గంటలో రెండు పనులు వద్దు

వ్యూఫైండర్లో కన్ను పెట్టినవాడి చెవి సరిగా పనిచేయదు. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే మన ధ్యాసంతా కాంతి మీద, ఫ్రేము అంచుల మీద, వెనక గోడకున్న క్యాలెండర్ మీద ఉంటుంది. "ఆ యేడు మా ఆయన సూరత్ పోయిండు" అని ఆమె అన్న మాట రికార్డర్లో పడుతుంది. ఎందుకు పోయాడు, ఎన్నాళ్లున్నాడు, ఏం తెచ్చాడు అని వెంటనే అడగాల్సిన ఘడియ మాత్రం దాటిపోతుంది. ఇంటికొచ్చి విన్నాక తెలుస్తుంది, కథంతా ఆ వాక్యంలోనే ఉందని. ఒంటరిగా రెండూ చేసేవాళ్లందరికీ ఎదురయ్యే దెబ్బ ఇది. దీనికి మందు ఒక్కటే: పనులను గంటలుగా విడగొట్టుకోవడం.

మొదటి గంట మాటలకు. కెమెరా మెడలో కనబడుతూనే ఉండాలి, లెన్స్ మూత మాత్రం తీయకూడదు. సంచిలో దాచి, మాటలయ్యాక బయటికి తీస్తే అవతలివాళ్లకు మోసపోయినట్టుంటుంది. తర్వాత రెండు గంటలు ఫొటోలకు. అప్పుడు ప్రశ్నలు వద్దు. జవాబు చెప్పాలంటే మనిషి పని ఆపి మనవైపు తిరుగుతుంది. తీయాలనుకున్న పనే ఆగిపోతుంది.

నా దృష్టిలో అసలైనది మూడో గంట. రెండు పనులూ ఒకే చేతిలో ఉండడం వల్ల మాత్రమే దొరికే గంట అది. తీసినవాటిలో ఓ ఇరవై ఎంచి, కెమెరా తెర మీదో ట్యాబ్ మీదో ఆమెకే చూపించి ఊరుకోవాలి. ఏమీ అడగక్కర్లేదు. "ఇది ముడి. పోగు తెగితే ఏసినం." "ఈ రబ్బరు సైకిల్ ట్యూబుది, కోసి కడ్తం." "గిది ఎందుకు తీసిండ్రు, ఇది తప్పు పోయింది, ఇప్పి మళ్ల పోసిన." మొదటి గంటలో ఎంత తెలివిగా అడిగినా రాని మాటలివి. తను చేసే పని తనకు మామూలు కాబట్టి నోటితో చెప్పాలని తోచదు. బొమ్మగా ఎదురుగా కనిపించినప్పుడు తోస్తుంది. రచయిత వేరు, ఫొటోగ్రాఫర్ వేరు అయినప్పుడు ఈ గంట సాధారణంగా జరగదు. ఫొటోగ్రాఫర్ ఫైళ్లు ఆఫీసుకు వెళ్తాయి, రచయిత వాటిని అచ్చులోనే చూస్తాడు.

ఆ రాత్రే ఒక కాగితం మీద రెండు వరసలు రాసుకోవాలి. మాటల్లో వచ్చి ఫొటోలో లేనివి ఒకటి, ఫొటోలో ఉండి అర్థం కానివి ఇంకొకటి. మర్నాటి పని ఆ కాగితమే చెబుతుంది.

చిన్న పనులు రెండున్నాయి, ఖర్చు లేనివి. రోజూ మొదటి ఫొటో ఫోన్ గడియారానిది తీయాలి. కెమెరా టైము, ఫోన్లో రికార్డింగు టైము పక్కపక్కన పెట్టుకుంటే ఏ ఫొటో తీస్తున్నప్పుడు ఏం వినిపిస్తోందో నిమిషంతో సహా తెలుస్తుంది. రెండోది పేర్లు. మన చెవిని నమ్ముకోకుండా వాళ్ల చేతే నోట్‌బుక్‌లో రాయించి, ఆ పేజీని ఫొటో తీయాలి. ఇంటిపేరులో ఒక ఒత్తు తప్పితే ఆ ఊళ్లో వేరే కుటుంబం అయిపోతుంది.

## క్యాప్షన్ దగ్గరే తెలిసిపోతుంది

క్యాప్షన్‌ను చివరి అరగంటకు వదిలేసేవాళ్లే ఎక్కువ. పాఠకుల్లో చాలామంది శీర్షిక, ఫొటో, క్యాప్షన్ చదివాకే మిగతాది చదవాలా వద్దా అని తేల్చుకుంటారు. "ఆసు పోస్తున్న మహిళ" అని రాస్తే ఆ మనిషికి పేరు లేకుండా చేయడమే కాదు, కళ్లున్నవాళ్లకు కనిపించేదే మళ్లీ చెప్పినట్టు కూడా. మంచి క్యాప్షన్‌లో పేరు, ఊరు, తేదీ ఉంటాయి, జరుగుతున్న పనికి దాని సొంత పేరుంటుంది. వీటికి తోడు ఫొటోలో కనిపించని సంగతి ఒకటుంటుంది.

జర్నలిస్టు పి. సాయినాథ్ గ్రామీణ మహిళల శ్రమ మీద చేసిన ఫొటో ప్రదర్శన చూడండి. 1993 నుంచి 2002 వరకు పది రాష్ట్రాల్లో ఆయనే తిరిగి, ఆయనే తీసి, ఆయనే రాసినది. అందులో ఒడిశా నుంచి ఆంధ్రప్రదేశ్ ఇటుక బట్టీకి వలస వచ్చిన ఆడవాళ్లు ఇటుకలు మోస్తుంటారు. పక్కన రాసిన మాటల్లో బయట ఎండ 49 డిగ్రీలని ఉంటుంది. ఫొటోలో వేడి కనిపించదు. ఆ అంకె చదివి మళ్లీ ఫొటో వైపు చూస్తే వాళ్ల కాళ్లకు చెప్పులున్నాయా అని మన కన్నే వెతుకుతుంది.

దీనికి ఎదురు ఉదాహరణ ప్రపంచమంతా ఎరిగినదే. 1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర అమెరికా ఫొటోగ్రాఫర్ డొరతియా లాంగ్ తీసిన వలస తల్లి ఫొటో. లాంగ్ మామూలుగా నోట్సు విషయంలో చాలా పట్టుదల మనిషి. వలస కూలీల మాటలను వాళ్ల యాసలోనే రాసుకునేది. ఆ రోజు మాత్రం ఇంటికి వెళ్లే తొందరలో ఉంది. శిబిరం దాటిపోయి, మనసు ఒప్పక వెనక్కి తిరిగి వచ్చి, కొద్ది నిమిషాలు ఫొటోలు తీసి వెళ్లిపోయింది. పేరు అడగలేదని 1960లో తనే రాసింది. తిండి కోసం కారు టైర్లు అమ్ముకున్నారనీ రాసింది. 1978లో ఆ తల్లి బయటికొచ్చి తన పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని చెప్పింది. టైర్లు అమ్మలేదని ఆ కుటుంబం అంది. నలభై రెండేళ్ల పాటు ఆ ముఖం ఊరూరా తిరిగింది, పేరు మాత్రం తిరగలేదు. అంతటి ఫొటో తీసిన మనిషికే ఒక్క పూట నోట్‌బుక్ తెరవకపోవడం వల్ల ఇలా జరిగింది. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా పేరు రాయించుకోకుండా ఏ ఇంటి నుంచీ బయటికి రాకూడదనిపిస్తుంది.

క్యాప్షన్‌లో తేదీ ఎందుకంటే, మన దగ్గర జిల్లాలు మారుతుంటాయి. 2015లో "నల్లగొండ జిల్లా పోచంపల్లి" అని రాయడం సరైనదే. 2016 అక్టోబరు నుంచి అది యాదాద్రి భువనగిరి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్లో 26 అయ్యాయి. తేదీ లేని పాత క్యాప్షన్ చూసి పదేళ్ల తర్వాత ఎవరైనా రాస్తే ఏదో ఒకటి తప్పు పడుతుంది.

## ఇద్దరైతే మేలు కదా?

ఇది కొట్టిపారేయదగ్గ మాట కాదు. 1943 బెంగాల్ కరువులో కమ్యూనిస్టు పార్టీ నాయకుడు పి.సి. జోషీ రాశాడు, సునీల్ జానా ఫొటోలు తీశాడు. ఇద్దరూ కలిసి తిరిగారు. ఆ ఫొటోల్లో ఉన్న నిశ్చలత, రాసే బాధ్యత కూడా నెత్తిన ఉన్నవాడికి వచ్చేదా అంటే చెప్పడం కష్టం. అదే కరువులో చిత్రకారుడు చిత్తప్రసాద్ మేదినీపూర్ పల్లెల్లో తిరిగి, తనే బొమ్మలు వేసి తనే రాశాడు. బ్రిటిష్ ప్రభుత్వం అవి కలిపి వేసిన చిన్న పుస్తకం ప్రతులను పట్టుకుని తగలబెట్టించింది. రెండు పద్ధతులూ నిలబడ్డాయి.

ఇద్దరున్నప్పుడు ఒక పెద్ద మేలుంది: ఒకరి అభిప్రాయాన్ని రెండోవాళ్లు అడ్డుకుంటారు. ఒక్కరే అయితే "నేత చచ్చిపోతోంది" అనుకుని ఊళ్లో దిగినవాడు బూజుపట్టిన మగ్గాన్నే ఫొటో తీస్తాడు, దిగులు మాటలే రాసుకుంటాడు. ఫొటో రచనను బలపరుస్తుంది, రచన ఫొటోను బలపరుస్తుంది, రెండూ కలిసి అబద్ధం చెబుతాయి. పక్కవీధిలో కొత్తగా డిజైన్ గ్రాఫులు కంప్యూటర్ మీద వేస్తున్న కుర్రాడు ఎక్కడా కనిపించడు. నా వాదనకు ఉన్న అతి బలహీనమైన చోటు ఇదేనని ఒప్పుకుంటాను. దీన్ని పూర్తిగా తప్పించే దారి లేదు, తగ్గించే దారి ఉంది. మనం అనుకున్నదానికి ఎదురు చెప్పే ఫొటోలు కనీసం మూడు తీయకుండా ఊరు వదలకూడదు. ఎంపికను రెండు రోజులు పక్కన పెట్టాలి. ఆ తర్వాత ఊరికి రాని మనిషి ఒకరికి అరవై ఫొటోలు ఇచ్చి, క్యాప్షన్లు చూపించకుండా, పన్నెండు ఎంచమనాలి. ఎంత చలిలో నిలబడి తీశామో, ఎంతసేపు కాచుకున్నామో వాళ్లకు తెలియదు. అందుకే వాళ్ల ఎంపిక మనకంటే సరిగా ఉంటుంది. మనకు బాగా నచ్చిన ఫొటో ఆ పన్నెండులో లేకపోతే కష్టంగానే ఉంటుంది. వదిలేయాలి.

ఇంకో అభ్యంతరం ఉద్యోగాలది. 2013 మేలో అమెరికా పత్రిక షికాగో సన్-టైమ్స్ తన 28 మంది ఫొటోగ్రాఫర్లను ఒకేసారి తీసేసి, రిపోర్టర్లకు ఫోన్‌తో ఫొటోలు తీయడం నేర్పింది. "రెండూ నేనే చేస్తాను" అనే ప్రతి ఫ్రీలాన్సరూ అలాంటి నిర్ణయానికి తోడుపడుతున్నాడా? చవగ్గా, తొందరగా చేస్తానంటే తోడుపడుతున్నట్టే. ఎక్కువ రోజులు, రెండు పనుల డబ్బు అడిగేవాడు కాదు. నా ఇష్టాయిష్టాలు దాచుకోను: ప్రమాదం, ఎన్నికల సభ, క్రికెట్ మ్యాచ్ లాంటివాటికి ఇద్దరు వెళ్లాల్సిందే. క్షణం తప్పితే మళ్లీ రాదు. రోజుల తరబడి ఒకే తీరున సాగే పనులు, ఇళ్లు, చేతివృత్తులు, సాగు, వీటికే ఒంటరి మనిషి సరిపోతాడు.

## చీకటి ఇళ్లు, ట్యూబులైట్లు

గుంత మగ్గం ఉన్న గదికి ఒకే కిటికీ, పైన ట్యూబులైటో ఎల్‌ఈడీ బల్బో. కిటికీ వెలుగు నీలం, బల్బు వెలుగు ఇంకో రంగు. ఫ్లాష్ కొడితే గది అంతా పోయి ఫొటో స్టూడియో అవుతుంది. కాబట్టి వెలుగు ఎక్కువ తీసుకునే ఎఫ్2 లెన్స్, వెలుగుకు కెమెరా సున్నితత్వం (ఐఎస్ఓ) 3200 దాకా, షట్టర్ 1/100. ఆ 1/100కు కారణముంది. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే బల్బు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. 1/100 గానీ 1/50 గానీ పెడితే సమంగా వస్తుంది. 1/250, 1/500 పెడితే కొన్ని ఎల్‌ఈడీల కింద ఫొటోకు అడ్డంగా నల్లటి చారలు పడతాయి, తర్వాత వాటిని శుభ్రంగా తీసేయడం కష్టం. నాడె (పేక నూలును అటూ ఇటూ మోసేది) కదలికను ఫొటోలో ఆపాలంటే మాత్రం వేగం కావాలి. కిటికీ వైపు మగ్గం ఉన్న ఇంట్లో, పగటి వెలుగులో తీసుకోవాలి.

బల్బు ఆర్పేయమని అడిగితే ఫొటో అందంగా వస్తుంది. కానీ ఆ వెలుగు లేకుండా ఆమెకు పోగు కనబడదు, పని సాగదు. ఆర్పిన గదిలో తీసిన "పని" ఫొటో నిజం కాదు. రంగు తర్వాత మార్చుకోవడానికి వీలున్న రా (RAW) ఫైల్లో తీసి, ఒక ఫ్రేములో బూడిదరంగు కార్డు పెట్టి, రంగు తర్వాత దిద్దుకోవాలి. బట్ట మీద కథనంలో ఎరుపు ఎరుపుగా రాకపోతే రంగు వేసినవాళ్లే మొదట పట్టుకుంటారు.

న్యూస్‌ప్రింట్ మీద సిరా పాకుతుంది, నీడలు మూసుకుపోతాయి. అచ్చుకు పంపే కాపీలో నీడలను కాస్త పైకి లేపాలి, వెబ్ కాపీలో అక్కర్లేదు. ఒకే ఫైలు రెండుచోట్లకూ పంపితే ఏదో ఒకచోట మసకే.

తెలుగులో పంపేవాళ్లకు అదనపు తలనొప్పి ఒకటుంది. ఫొటో ఫైలు లోపల ఐపీటీసీ (ఫొటోతో పాటే వెళ్లే వివరాల గడి) క్యాప్షన్‌లో తెలుగు యూనికోడ్ రాస్తే, అవతల పాత సాఫ్ట్‌వేర్ ఉంటే పిచ్చిగీతలుగా తెరుచుకుంటుంది. ఇంకా చాలాచోట్ల పేజీలు యూనికోడ్ కాని ఫాంట్లలోనే పెడతారు. మార్పిడిలో ఒత్తులు, వట్రసుడులు ఎగిరిపోతాయి, అవీ పేర్లలోనే. కాబట్టి క్యాప్షన్లు ఫైలు లోపలే కాకుండా, ఫైలు నంబర్లతో విడి టెక్స్టుగా, సరిచూసుకోవడానికి ఒక పీడీఎఫ్‌గా కూడా పంపాలి. పేజీ కట్టాక పేర్ల వరకైనా ఒకసారి చూపించమని అడగడం మన హక్కు.

## ఫొటో, వాక్యం కలిస్తే వచ్చే హాని

విడివిడిగా రెండూ నిరపాయమే. "ఒక నేతకారుడికి షావుకారు దగ్గర అప్పుంది, చీరలు బయట అమ్ముకుంటే ఊరుకోడు" అని పేరు లేకుండా రాశారు. బాగానే ఉంది. అదే పేజీలో మామూలు మగ్గం ఫొటోగా అతని ఇంటిదే వేశారు, దాంట్లో గోడ మీద ఇంటి నంబరుంది, మగ్గం మీద సగం నేసిన డిజైన్ ఉంది. ఊళ్లోవాళ్లకు ఆ డిజైన్ చూస్తే మగ్గం ఎవరిదో తెలుస్తుంది. సాయంత్రానికి ఆ పేజీ వాట్సాప్‌లో షావుకారు చేతిలో ఉంటుంది. రచయిత, ఫొటోగ్రాఫర్ వేరైనప్పుడు ఈ కలయికను ఎవరూ చూడరు. రెండూ చేసినవాడికి చూడకపోవడానికి సాకు లేదు. పేరు దాచిన మనిషి చేతులు, గాజులు, గుమ్మం, వాకిట్లో బండి, అన్నీ ఆ కన్నుతో తిరిగి చూడాలి. ఫోన్‌తో తీసినవైతే జీపీఎస్ వివరం తీసేయాలి. పిల్లలు పనిలో ఉన్న ఫొటో అయితే ఇంకా జాగ్రత్త. సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధించింది.

ఫొటోకు ఒప్పుకున్న మనిషి వాక్యానికి ఒప్పుకున్నట్టు కాదు, అటూ ఇటూ కూడా అంతే. "ఈ ఫొటో పక్కన మీ అప్పు సంగతి ఉంటుంది, సరేనా?" అని కలిపి అడగాలి. చాలామంది ఆ ప్రశ్న దగ్గర ఒక్క నిమిషం ఆలోచించుకుంటారు.

## ఒకే కథనం, రెండు నియమాలు

డబ్బు మాట ఎత్తకుండా ఈ చర్చ పూర్తి కాదు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ఫ్రీలాన్సర్లు తప్పకుండా చదవాల్సినది. రాసినదానికి మొదటి హక్కుదారు రాసినవాడే. ఫొటో సంగతి అలా కాదు. ఎవరైనా డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారు. అంటే ఒకే మనిషి, ఒకే ఊళ్లో, ఒకే కథనం కోసం చేసిన పనిలో వాక్యాలు తనవి, ఫొటోలు తనవి కాకుండా పోవచ్చు. "ఫొటోలు జతచేయాలి" అన్న ప్రకటనకు సరే అని ఒక్క మాట పంపి ఊరుకుంటే ఎంత గందరగోళంలో పడతామో చూడండి. మనం ముందే తీసిపెట్టుకున్న ఫొటోలా, వాళ్లు అడిగాక తీసినవా అన్నదానిమీదే లెక్క మారిపోతుంది.

కాబట్టి "ఫొటోల కాపీరైట్ తీసినవారిదే, ఇస్తున్నది ఫలానా పత్రికలో మొదటిసారి వేసుకునే అనుమతి" అన్న వాక్యం ఊరికి బయల్దేరకముందే ఈమెయిల్లో ఉండాలి, అవతలి నుంచి ఒప్పుకోలు రావాలి. హక్కులు రాసిచ్చే పరిస్థితి వస్తే 19వ సెక్షన్ గుర్తుంచుకోండి. బదలాయింపు రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే అయిదేళ్లని, ఎక్కడికో రాయకపోతే భారతదేశం వరకని చట్టం అనుకుంటుంది. "సర్వహక్కులు శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని కాగితం వస్తే ఆ అయిదేళ్ల రక్షణను సంతకంతో వదులుకుంటున్నామన్నమాట.

బిల్లులో పద్దులు విడిగా వేయాలి. రచనకు, ఫొటోలకు, ప్రయాణానికి, ఊళ్లో ఉన్న రోజులకు. మొత్తంగా ఒక అంకె వేస్తే ఫొటోలు ఉచితంగా వచ్చినట్టే లెక్క అవుతుంది. పదాల లెక్కన డబ్బిచ్చేచోట తెలుగుకు ఇంకో నష్టం కూడా ఉంది. విభక్తులు, క్రియలు అతుక్కుపోయే భాష కాబట్టి ఇంగ్లిష్‌లో వెయ్యి పదాలు పట్టే విషయం తెలుగులో ఏడెనిమిది వందల్లో అయిపోతుంది. పదానికి రేటు ఒకటే ఉంటే తెలుగులో రాసినవాడికి అదే పనికి తక్కువ వస్తుంది. కథనానికింత అని మాట్లాడుకోవడం మంచిది.

"కథనంతో పాటు ఫొటోలు జతచేయాలి" అన్న ప్రకటనకు జవాబు ఇలా ఉండాలని నా ఉద్దేశం:

"నమస్కారం. తేలియా రుమాలు మీద ఫొటోలు, రచన కలిపి చేసిన కథనం ఇవ్వగలను. 1,000 పదాలు, 12 ఫొటోలు, ఒక్కోదానికి పేరు, ఊరు, తేదీతో రెండు మూడు వాక్యాల క్యాప్షన్. ఊళ్లో నాలుగు రోజులుండాలి, అదీ రెండు విడతల్లో. నూలు నూనెలో నానడానికీ చిటికి కట్టి రంగు వేయడానికీ మధ్య కనీసం రెండు వారాలు పడుతుంది. రచనకు, ఫొటోలకు, ప్రయాణానికి విడి పద్దులు దీంతో పంపుతున్నాను. ఫొటోల కాపీరైట్ నాదే. మీకు ఇచ్చేది మొదటి ప్రచురణ అనుమతి, ఆరు నెలల పాటు మరెవరికీ ఇవ్వను. పేజీ కట్టాక పేర్లు సరిచూసుకోవడానికి ఒకసారి పంపండి. ఇవి మీకు సమ్మతమైతే రాయండి, వచ్చే సోమవారం నూలు నానబెట్టేలోపు ఊళ్లో ఉండాలి."